బొగ్గుబావిలో అధికారము – మన స్త్రీలు

మన అధ్యక్ష మండల చరిత్ర వ్రాసేవారు బడులను, వైద్యశాలలను, బైబిలు స్త్రీల సేవను తప్పక స్మరిస్తారు. అది న్యాయమే. అయితే బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని సంఘములలో అనేక కుటుంబముల అన్నము బొగ్గుబావి నుండే వచ్చింది. ఆ బావిలో పెత్తనము స్త్రీ చేతికి ఇంతకాలము ఎందుకు రాలేదు? ఈ సంగతి కూడ మన చరిత్రలో భాగమే అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ దశాబ్దము చివర ఆదిలాబాదు జిల్లా బెల్లంపల్లి ప్రాంతములోను, 1960 దాటుచుండగా కరీంనగర్ జిల్లా రామగుండములోను బావులు తెరిచారు.

స్త్రీలు బావి దిగడము కొత్త సంగతి కాదు. బ్రిటిషు ఇండియా గనులలో భార్యాభర్తలు కలిసి దిగేవారు. భర్త బొగ్గు కొట్టేవాడు, భార్య తట్ట ఎత్తేది. 1929 నాటి నియమములు ఆమెను క్రమముగా పైకి పంపాలని నిర్ణయించాయి. 1937లో పూర్తిగా నిషేధించారు. 1943లో యుద్ధమునకు బొగ్గు చాలకపోగా ఆ ప్రభుత్వమే ఆమెను మళ్లీ దింపింది. 1946లో మళ్లీ వెలుపలికి పంపింది. అవసరమైనప్పుడు ఆమె శరీరము బలహీనముగా ఎవరికీ కనబడలేదు, చూడండి!

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ స్త్రీల భూగర్భ పనిని నిషేధిస్తూ 45వ ఒప్పందము చేసింది. కాని చేతిపని చేయక యాజమాన్య పదవులలో ఉండే స్త్రీలను, శిక్షణ పొందే విద్యార్థినులను ఆ నిషేధమునుండి మినహాయించవచ్చునని అందులోనే వ్రాసి ఉన్నది. మన దేశము 1938లో దానిని ఆమోదించింది. అయినను 1952 గనుల చట్టము 46వ సెక్షను ఆ చిన్న కిటికీని తెరువలేదు. ఏ స్త్రీయు భూగర్భమున పని చేయరాదు. పైన కూడ ఉదయము 6 నుండి రాత్రి 7 గంటల వరకే అన్నది.

దీని ఫలితము కూలి పోవడము ఒక్కటే కాదు. గనిలో అధికారము ఆఫీసు కుర్చీలో పుట్టదు. సర్దారు, ఓవర్‌మన్, సెకండ్ క్లాసు, ఫస్టు క్లాసు మేనేజరు – ప్రతి సర్టిఫికెటుకు గనిలో పనిచేసిన అనుభవము చూపాలి. దిగనివ్వని మనిషికి భూగర్భ అనుభవము ఎక్కడినుండి వస్తుంది? బావిలో ప్రమాదము జరిగి భర్త పోగా ఉద్యోగము పొందిన సహోదరులను కాదు, సహోదరీలను మన సంఘములలో చాలమందిని చూశాము. వారికి దొరికినది పైపనే. ముప్పది యేండ్లు చేసినను మేనేజరు దారి ఆ పనిలో లేదు. రక్షించుటకు కట్టిన గోడ మెట్లను కూడ మూసివేసింది.

గనుల ఇంజనీరింగు చదివే విద్యార్థినులు, స్త్రీ ఉద్యోగుల బృందములు, కొన్ని కంపెనీలు కూడ ప్రభుత్వమునకు విజ్ఞాపనలు చేసుకోగా, 2019 జనవరి 29న కేంద్ర ప్రభుత్వము ఆంక్షలు సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, యాజమాన్య పనులకు స్త్రీలు భూగర్భములోనికి పోవచ్చును. 2021లో తెలంగాణకు చెందిన రాసకట్ల సంధ్య రాజస్థానులోని జావర్‌మాలా భూగర్భ గనికి మేనేజరు అయినది. ఆమెయు, యోగేశ్వరి రాణేయు పరిమితులు లేని ఫస్టు క్లాసు సర్టిఫికెటు పొందిన మొదటి భారతీయ స్త్రీలు. అది జింకు కంపెనీ గని. బొగ్గు బావులు మన గుమ్మము ముందే ఉండగా మన తెలంగాణ బిడ్డ అంత దూరము వెళ్లి ఆ పదవి పొందవలసి వచ్చింది.

(మనము గనివారిని మాత్రమే తప్పుపట్టనక్కరలేదు. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడగా, నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకము పొందినది 2013లో.)

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలిచి న్యాయము అడిగారు, పొందారు. 36వ అధ్యాయములో మాత్రము ఆ స్వాస్థ్యమునకు ఒక షరతు వచ్చి చేరింది. 2019 అనుమతి కూడ షరతులతోనే వచ్చింది: స్త్రీ వ్రాతపూర్వకముగా సమ్మతించాలి, ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ ఉండరాదు, భూగర్భములో ఉదయము 6 నుండి రాత్రి 7 వరకే, ఎడతెగక ఉండనక్కరలేని పనికే. సర్దారు అయితే షిఫ్టంతయు తన డిస్ట్రిక్టులోనే ఉండాలి. అంటే పై మెట్టునకు తలుపు తెరిచి, క్రింది మెట్టును సందేహములో ఉంచారు. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి అన్ని పనులలోను స్త్రీలకు ప్రవేశము కలదని చెప్పింది. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చింది. మన బావులలో మొదటి స్త్రీ సర్దారు దీపము పెట్టుకొని ఏ షిఫ్టుకు దిగునో, ఆ షిఫ్టులో ఆమెతో మిగిలిన ఇద్దరు ఎవరో చూడవలసి ఉన్నది.