హీలియం మా గుంటూర్లో దొరికిందా?

ఆగస్టు 18 వచ్చిందంటే చాలు, మా గుంటూరు వాళ్ళ గ్రూపుల్లో ఓ మెసేజి తిరుగుతుంది. హీలియం కనిపెట్టింది ఎక్కడో తెలుసా, మన గుంటూర్లోనే అని. కింద చప్పట్ల బొమ్మలు, జెండాలు. నేనూ చాన్నాళ్ళు దాన్ని కళ్ళు మూసుకుని పదిమందికీ పంపినవాణ్ణే. కిందటేడు ఆఫీసులో భోజనాల దగ్గర కూడా ఇదే డప్పు కొట్టాను. మా టీములో బందరు కుర్రాడొకడున్నాడు. వాడు పెరుగన్నం కలుపుకుంటూ తీరిగ్గా అన్నాడు: "ఏం బాసూ, మిర్చి చాలదా, హీలియం కూడా మీదేనా? ఆ రోజు మా బందర్లో కూడా ఒక దొర టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన సంగతేంటి?"

నా దగ్గర సమాధానం లేదు. పంతానికి పోయి రెండు వారాంతాలు ఇదే పని మీద కూర్చున్నా. దొరికింది నేను అనుకున్న కథ కాదు. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి కథ.

ముందు కాస్త ఫిజిక్సు. భయపడకండి, ఇంటర్లో చదివిందే. సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఏడు రంగులు వస్తాయి కదా. ఆ రంగుల పట్టీని బాగా సాగదీసి చూస్తే మధ్యమధ్యలో సన్నటి నల్లగీతలుంటాయి. 1814లో ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ అద్దాల పనివాడు వాటిని ఓపిగ్గా గుర్తించి, ముఖ్యమైనవాటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టాడు. పసుపు రంగు దగ్గరుండే జంట గీత డి. అవి ఎందుకున్నాయో ఆయనకి తెలీదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ (మన ల్యాబ్‌లో బర్నర్ బున్సెనే) కలిసి ఆ గుట్టు విప్పారు. మంటలో ఉప్పు వేస్తే వచ్చే పసుపు వెలుగు కచ్చితంగా ఆ డి గీతల చోటే పడుతుంది. అంటే అది సోడియం సంతకం. ఒక్కో మూలకానికీ ఒక్కో సంతకం. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎప్పటికీ తెలీదని ఆగస్ట్ కోంత్ అనే తత్వవేత్త 1835లో తేల్చేశాడు. పాతికేళ్ళు తిరక్కుండానే ఆ మాటకి కాలం చెల్లింది.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి. వేడెక్కిన పల్చటి వాయువు అయితే నల్లగీతలు కాదు, వెలిగే గీతలు ఇస్తుంది. ఇది గుర్తుంచుకోండి.

సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు చంద్రుడి అంచు చుట్టూ ఎర్రటి మంటల్లాంటివి కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా అన్న గొడవ 1860 గ్రహణంతో దాదాపు తీరింది. సూర్యుడివే. మరి అవేమిటి? మేఘాలా, మంటలా, వాయువా? స్పెక్ట్రోస్కోపుతో చూస్తే తెలిసిపోతుంది. కానీ చూడ్డానికి మళ్ళీ గ్రహణం రావాలి. 1868 ఆగస్టు 18న వచ్చేది చాలా పెద్దది, మన దగ్గర ఐదు నిమిషాలకి పైగా ఉంటుంది. దాని దారి బీజాపూర్ వైపు నుంచి తెలుగు దేశం మీదుగా బంగాళాఖాతంలోకి దిగుతుంది. అదీ గుంటూరు, బందరు ఈ కథలోకి వచ్చిన కారణం. మన గొప్పేమీ లేదు, నీడ అలా పడిందంతే.

గుంటూర్లో ఇద్దరు దిగారు. ఫ్రాన్స్ తరఫున పియర్ జాన్సెన్. బ్రిటిష్ వాళ్ళ తరఫున మేజర్ టెన్నంట్. జాన్సెన్ ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంటి మేడ మీద మకాం పెట్టాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదం వల్ల ఆయనకి ఒక కాలు కుంటి. అయినా గ్రహణం అంటే ప్రపంచంలో ఎక్కడికైనా బయల్దేరేవాడు. (1870లో పారిస్‌ని జర్మన్ సైన్యం ముట్టడించి ఉంటే, బెలూన్ ఎక్కి శత్రువుల తలమీదుగా తప్పించుకుని గ్రహణం కోసం ఆల్జీరియా వెళ్ళాడు. తీరా వెళ్తే ఆ రోజు మబ్బు!) బందర్లో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్. నక్షత్రాల ప్రకాశానికి ఈరోజుకీ వాడే 2.512 లెక్క ఈయనదే. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మరో బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తి వెళ్ళాడు. అంతకుముందు ఏడాదే ఒక చరతారని కనిపెట్టినవాడాయన. వనపర్తి వాళ్ళెవరూ ఆగస్టులో మెసేజీలు పంపినట్టు నేను చూళ్ళేదు, పాపం.

గ్రహణం పట్టింది. జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుని ఒక ఎర్రజ్వాల మీదకి తిప్పాడు. వెలిగే గీతలు! అంటే అది వాయువు. ప్రధానంగా హైడ్రోజన్. అక్కడితో పెద్ద ప్రశ్న తీరిపోయింది. అందరూ అదే చూశారు, గుంటూర్లో టెన్నంట్, జంఖండిలో హెర్షెల్, ఇంకా చాలామంది.

జాన్సెన్ మిగతావాళ్ళకంటే ఒక అడుగు ముందుకేసింది ఇక్కడే. ఆ గీతలు అంత కాంతివంతంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా ఎందుకు కనపడవు అనుకున్నాడు. మామూలు రోజున జ్వాలలు కనపడకపోవడానికి కారణం ఆకాశంలో చెదిరిన సూర్యకాంతి. ఆ కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. స్పెక్ట్రోస్కోపుతో సాగదీసేకొద్దీ అది పలచబడిపోతుంది. కానీ జ్వాల వెలుగు అంతా రెండుమూడు గీతల్లోనే ఉంది, ఎంత సాగదీసినా గీత గీతలాగే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే నాయిస్ తగ్గుతుంది, సిగ్నల్ అలాగే ఉంటుంది. మర్నాడు, ఆగస్టు 19న, నిండు ఎండలో చూశాడు. కనిపించాయి! ఆ తర్వాత రెండు వారాలకి పైగా గుంటూరు ఎండలో కూర్చుని రోజూ సూర్యుడి అంచు చుట్టూ జ్వాలల పటం గీసుకున్నాడు. ఏళ్ళ తరబడి గ్రహణాల కోసం ఎదురుచూసే పని ఆ రోజుతో పోయింది. ఇది నిజంగా గుంటూర్లోనే జరిగింది. నన్నడిగితే మెసేజీలో రాయాల్సింది ఇది.

కానీ ఇందులో హీలియం ఎక్కడుంది?

అదే చిక్కు. ఆ రోజు జ్వాలల్లో ఒక పసుపు గీత కూడా ఉంది. చాలామందికి కనపడింది. పసుపు గీత అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది సోడియమే. టెన్నంట్ డి అనే రాశాడు. ఇంకొందరూ అలాగే రాశారు. జాన్సెన్ దృష్టంతా హైడ్రోజన్ గీతల మీదే. పాగ్సన్ ఒక్కడు మాత్రం తన రిపోర్టులో, ఆ గీత డి దగ్గర గానీ డికి పక్కన గానీ ఉంది అని రాశాడు. ఆ "గానీ" చూశారా! తను కొలిచింది అంత కచ్చితం కాదని ఆయనకి తెలుసు, ఆ సంగతి దాచకుండా కాగితం మీద పెట్టాడు. ఆ రిపోర్టు మద్రాసు ప్రభుత్వం కాగితాల్లో ఒకటిగా మిగిలిపోయింది. మా బందరు కుర్రాడి ధీమా అంతా ఈ ఒక్క "గానీ" మీదే నిలబడి ఉంది. ఒప్పుకోవాల్సిందే, అది బాగానే నిలబడుతుంది.

అటు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన యుద్ధశాఖలో గుమాస్తా. పగలు ఆఫీసు, మిగతా టైములో సూర్యుడు. (మనలో సగం మంది జాతకం ఇదే.) గ్రహణం లేకుండా జ్వాలల్ని చూడొచ్చన్న ఆలోచన ఆయనకి 1866లోనే వచ్చింది, కానీ చేయించిన పరికరం చేతికొచ్చేసరికి 1868 అక్టోబర్ అయింది. అక్టోబర్ 20న చూశాడు. ఇక్కడ జాన్సెన్ తన ఫలితాలు రాసి కాకినాడ నుంచి సెప్టెంబర్ 19 తేదీతో ఉత్తరం వేశాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు, అది 1869. రెండు ఉత్తరాలూ పారిస్ అకాడెమీలో ఒకేరోజు, అక్టోబర్ 26న, చదివారు. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన వేసి ఒక పతకం కొట్టించింది. తమాషా ఏమిటంటే, అచ్చులో జాన్సెన్ ఉత్తరానికి పెట్టిన శీర్షిక కాకినాడలో వచ్చిన ఫలితాలు అన్నట్టుగా ఉంది. కాకినాడ వాళ్ళు ఇంకా రంగంలోకి దిగలేదు, అదృష్టం.

లాకియర్‌కి గ్రహణం ఐదు నిమిషాల్లో అయిపోతుందన్న తొందర లేదు. తీరిగ్గా కొలిచాడు. పసుపు గీత డి మీద పడట్లేదు, కాస్త పక్కకుంది. డి జంటని డి1, డి2 అంటారు కాబట్టి దీనికి డి3 అని పేరు పెట్టారు. ఇప్పటి లెక్కలో సోడియం గీతలు 589.6, 589.0 నానోమీటర్లు. డి3 587.6. తేడా నానోమీటరున్నర కూడా లేదు! రసాయనవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్‌తో ఆ గీత తెప్పించడానికి ల్యాబ్‌లో నానా తంటాలు పడ్డాడు. రాలేదు. చివరికి ఇది భూమ్మీద లేని కొత్త మూలకం అనుకుని, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. చాలామంది నమ్మలేదు, నవ్వారు కూడా.

ఇది చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది.

సోడియం లాంపు, స్పెక్ట్రోమీటరు, అంగుళానికి 15000 గీతలున్న గ్రేటింగ్. కుడివైపు రీడింగు, ఎడమవైపు రీడింగు, రెంటి మధ్య కోణం 2θ. నాకు 40 డిగ్రీల 27 మినిట్లు వచ్చింది. లెక్క కడితే 5854 ఆంగ్‌స్ట్రాములు. కానీ రావాల్సింది 5893 అని బ్యాచ్ మొత్తానికీ తెలుసు, సీనియర్ల రికార్డుల్లో ఉంది కదా. మళ్ళీ కొలిచానా? లేదు. కాలిక్యులేటర్ తీసి వెనక నుంచి లెక్క కట్టి, 27ని చెరిపి 44 రాశాను. 5893 వచ్చేసింది. మా బ్యాచ్‌లో ఇరవై మందికీ 5893కి అటూఇటూగానే వచ్చింది, ఇరవై మంది పరికరాలూ అంత గొప్పవి మరి!

ఇప్పుడు అదే గ్రేటింగ్‌తో లెక్క వేసి చూశాను. సోడియంకీ డి3కీ మధ్య 2θలో తేడా ఏడెనిమిది మినిట్లు. అంటే నేను చెరిపిన 17 మినిట్లలో రెండు హీలియంలు హాయిగా పడతాయి. గుంటూర్లో ఆ రోజు టెన్నంట్ బదులు నేనుంటే పసుపు గీత చూసి, డి అని రాసి, మధ్యాహ్నానికి భోజనానికి వెళ్ళిపోయేవాణ్ణి. టెన్నంట్‌ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆయన మోసం చేయలేదు. ఐదు నిమిషాల్లో కంటికి కనపడిందానికి తనకి తెలిసిన పేరు పెట్టాడు, అంతే.

ఇలాంటిదే ఇంకోటి. అమెరికాలో హిల్‌బ్రాండ్ అనే రసాయనవేత్త 1890 ప్రాంతంలో యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, బయటికొచ్చిన వాయువుని పరీక్షించి నైట్రోజన్ అని అచ్చువేశాడు. అందులో తెలీని గీతలు కొన్ని కనపడ్డాయి కూడా. కొత్త మూలకమేమో అని వాళ్ళలో వాళ్ళే సరదాగా అనుకున్నారట! ఈ సంగతి తర్వాత ఆయనే ఉత్తరంలో హుందాగా ఒప్పుకున్నాడు.

ఉత్తరం ఎవరికంటే విలియం రామ్సేకి. 1894లో రామ్సే, రేలీ కలిసి ఆర్గాన్ పట్టుకున్నారు. గాలిలోంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తీసిన నైట్రోజన్ కన్నా అర శాతం బరువు ఎక్కువ తూగుతోందేమిటని రేలీ పట్టు వదలకపోవడం వల్ల దొరికిందది. ఇంకా ఆర్గాన్ ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతూ రామ్సే 1895 మార్చిలో హిల్‌బ్రాండ్ ప్రయోగాన్ని మళ్ళీ చేశాడు. ఖనిజం పేరు క్లీవైట్. గొట్టంలో పసుపు గీత వెలిగింది, సోడియం పక్కన. కొలిచిపెట్టమని క్రూక్స్‌కి పంపితే ఆయన డి3 అని తేల్చాడు. 27 ఏళ్ళ క్రితం సూర్యుడిలో కనపడ్డది లండన్‌లో గాజుగొట్టంలో ఉంది. యురేనియంలో హీలియం ఎందుకుంటుందో అప్పటికి ఎవరికీ తెలీదు. ఆల్ఫా కణాలంటే హీలియం కేంద్రకాలేనని రూథర్‌ఫర్డ్ తేల్చేసరికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది.

మా ఫీల్డులో ఇది రోజూ చూసేదే. పాత ఉద్యోగంలో ఒక టైమవుట్ ఎర్రర్ లాగుల్లో వస్తుండేది, "తెలిసిన సమస్య" అని లేబులేసి వదిలేశాం. నాలుగు నెలల తర్వాత ఎవరో కొత్తమ్మాయి వచ్చి, ఇందులో కొన్నిటి కోడ్ నంబరు వేరే ఉందే అంది. మెసేజి ఒకటే, చివరి అంకె వేరు. అవి వేరే బగ్గు, డేటా పోతోంది. ఆ నాలుగు నెలలూ రోజూ ఆ లాగు తెరిచి చూసినవాళ్ళలో నేనూ ఉన్నా.

సరే, తీర్పు. హీలియం గుంటూర్లో దొరకలేదు. గుంటూర్లో దొరికింది పగటిపూట సూర్యుడి జ్వాలల్ని చూసే పద్ధతి. పసుపు గీత మీద అనుమానం బందర్లో పడింది. దాన్ని కొలిచింది, పేరు పెట్టింది ఇంగ్లండులో. చేతికి చిక్కింది లండన్‌లో. ఈ మాట గ్రూపులో పెడితే మా బాబాయి, "నువ్వు హైదరాబాద్ వెళ్ళి మారిపోయావురా" అన్నాడు. బందరు కుర్రాడు మాత్రం ఆ రోజు టీ డబ్బులు నాతోనే ఇప్పించాడు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటక మీద ల్యాబ్ రికార్డు వెతికా. అమ్మ పారేయలేదు. పెన్సిల్‌తో చెరిపిన మచ్చ ఇంకా ఉంది, దాని మీద 44. కింద ఎర్ర ఇంకుతో టిక్కు, పదికి తొమ్మిది.