వైద్యమునకు కొలబద్ద

పల్లెటూరి వైద్యశాల మంచిదో కాదో నిర్ణయించుట యెట్లు? ఈ ప్రశ్న చిన్నదిగనే కనుపించును. కాని దీనికి ప్రభుత్వములును పండితులును చెప్పిన సమాధానము కాలక్రమమున మారుచు వచ్చినది. ఆ మార్పుల చరిత్రను పెద్దలకు మనవి చేసెదను. అది తెలిసినచో మన యూరి వైద్యశాలను మనమే పరీక్షించుకొనవచ్చును.

మొదట వాడిన కొలబద్ద తలల లెక్క. ఆంగ్లేయుల పరిపాలనలో చెన్నరాజధానియందలి తెలుగు సీమలలో జిల్లా బోర్డులు డిస్పెన్సరీలను నడిపెడివి. జనులు వానిని ధర్మాసుపత్రులనిరి. ఏటేట ప్రకటింపబడు నివేదికలలో వైద్యశాలలెన్ని, వచ్చిన రోగులెందరు అను అంకెలుండెడివి. అంకె పెరిగినచో పని పెరిగినట్లే యెంచిరి. కాని వచ్చినవాడు రోగము కుదిరి పోయెనా, మందుసీసా మాత్రము చేతబట్టుకొని పోయెనా యను సంగతి ఆ పట్టికలలో కానరాదు.

తరువాత వచ్చిన కొలబద్ద గడియారము. 1943వ సంవత్సరమున భారత ప్రభుత్వము దేశారోగ్యమును పరిశీలించుటకై సర్ జోసెఫ్ భోర్ గారి యధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. చెన్నపురి విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగ నుండిన డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారుగారును అందొక సభ్యులు. 1946లో వెలువడిన వారి నివేదికలో దేశపు దుస్థితిని తెలుపు అంకెలెన్నో కలవు. అప్పుడు సుమారు 6,300 మందికి ఒక వైద్యుడును, 43,000 మందికి ఒక నర్సును ఉండిరి. అయినను నా మనస్సున నాటుకొన్న అంకె వేరొకటి. ఒక డిస్పెన్సరీలో వైద్యుడు ఒక్కొక్క రోగికి వినియోగించిన కాలము సగటున 48 సెకండ్లు. మరియొకచోట సుమారు ఒక నిమిషము.

పెద్దలారా, ఆలోచింపుడు. ఆ లెక్కను గంటకు 75 మంది. జ్వరమెన్నాళ్ళనుండి? చలితో వచ్చుచున్నదా? ఇంట మరెవరికైన నున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వినుటకైనను ఆ కాలము చాలదు. నేను ఆ వైద్యుని నిందింపను. వాకిట నిలిచినవారినందరిని ఒక్కడే చూచి పంపవలసినవాడు మరేమి చేయగలడు? లోపము ఏర్పాటులోనిది. అయినను తలల లెక్కను బట్టి చూచితిమా, అట్టి డిస్పెన్సరీయే మిగుల ఘనమైనదిగ తేలును!

ధనము లేదను కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము అందకుండరాదని భోర్ సంఘము చెప్పినది. సుమారు 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రముండవలెనని సూచించినది. 1952 మొదలు సమాజ వికాస పథకముతో పాటు ఇట్టి కేంద్రములు పల్లెలయందు వెలయజొచ్చెను.

కాలము చిక్కినంత మాత్రమున వైద్యము మంచిదగునా? దీనిని తేల్చుటకు ప్రశ్నయే కొలబద్దయైనది. మధ్యప్రదేశపు పల్లెలలోను ఢిల్లీ నగరములోను జరిగిన పరిశోధన యొకటి 2012లో ప్రకటింపబడెను. శిక్షణ పొందినవారు రోగులవలె వైద్యుల యొద్దకు బోయి, గుండెనొప్పియనియు, ఉబ్బసమనియు, ఇంటివద్ద బిడ్డకు రక్తవిరేచనములనియు చెప్పిరి. ఆ పల్లెలలో వైద్యము చేయువారు పలువురకు పట్టములే లేవు. వారు రోగికిచ్చిన కాలము సగటున 3.6 నిమిషములు. అడుగవలసిన ప్రశ్నలు, చేయవలసిన పరీక్షలలో జరిగినది మూడవవంతు. రోగమిదియని చెప్పినపుడైనను, అది పూర్తిగ సరియైనది నూటికి సుమారు 12 పర్యాయములు మాత్రమే.

ఇంకొక కొలబద్ద కలదు. అది గుమ్మము దాటి రానివారిని గూర్చినది. వేల్సు దేశమున గ్లిన్‌కోరుగ్ అను బొగ్గుగనుల పల్లె యున్నది. అచ్చట 1960 ప్రాంతములనుండి వైద్యము చేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్టుగారు, రోగులు వచ్చువరకు వేచియుండక, ఊరిలోని వయోజనులందరి రక్తపుపోటును కొలువ బూనిరి. రానివారిని వెదకించి రప్పించిరి. కొన్నేండ్లకు లెక్క చూడగా, పొరుగు పల్లెకంటె అచ్చట అకాల మరణములు తక్కువగ నుండెను. వైద్యము ఎవరికెక్కువ యవసరమో వారికే తక్కువగ లభించుచున్నదని 1971లో వ్రాసినవారును ఆయనయే.

కావున ఆసుపత్రి యెట్లున్నదని మీ యూర ప్రశ్న వచ్చినపుడు భవనమును చూచి తృప్తి పడకుడు. ఎందరు వచ్చిరని మాత్రమే యడుగకుడు. వైద్యుడు ఎంతసేపు చూచెను, ఏమేమి యడిగెను, రోగమేదో మందెట్లు వాడవలెనో తెలియజెప్పెనా యని విచారింపుడు. పిమ్మట, నడువలేని ముసలిది, కూలి మానుకొనలేని బీదవాడు, పొలిమేర యవతలి గూడెమువారు, వీరి సంగతి ఎవరు చూచుచున్నారని యడుగుడు. ఈ ప్రశ్నలడుగుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. ఊరి పెద్దరికమే చాలును.