నాలుకకు తెలిసిన ఆకు

మా నెల్లూరు సముద్రపు పట్టున చిట్టడవిలో పాకే తీగలు చాలావరకు ఒక్కలాగే కనబడతాయి. పుస్తకం పట్టుకున్న నాబోటి వృక్షశాస్త్రం అయ్యవారు తడబడేచోట, యానాది తెగ పెద్దాయన ఆకు తుంచి నోట్లో వేసుకునేవాడు. పొడపత్రి అయితే, నమిలాక చక్కెర ఇసకలా ఉంటుంది; తీపి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. 1887లో ఊటీలో డేవిడ్ హూపర్ ఆ గుణమున్న ఆమ్లాన్ని ఆకులోంచి వేరుచేసి జిమ్నెమిక్ ఆమ్లమన్నాడు.

దూసరితీగకు నాలుక అక్కర్లేదు, చెయ్యి చాలు. మెత్తటి నూగున్న ఆకులు గుప్పెడు తీసుకుని నీళ్లలో బాగా పిసికి, గుడ్డలో వడగట్టి గిన్నెలో కదపకుండా పెట్టాలి. కాసేపటికి ఆ పచ్చరసం గడ్డకడుతుంది. గిన్నె వంచినా జారదు, వేలితో తాకితే వణుకుతుంది. ఎండాకాలం కాస్త పటికబెల్లం కలుపుకుని చలువకు తింటారు.

సామర్లకోటలో కుంఫిణీ తోట బాగోగులు చూసి, నెల్లూరు సీమ రాగి గనుల మీద కూడా రాసిన బెంజమిన్ హైన్‌ అంటే నాకు గౌరవం. ఆయనా నోటినే నమ్ముకున్నాడు. రణపాల ఆకు పొద్దున చుక్కకూరంత పులుపు, మధ్యాహ్నానికి చప్పన, సాయంత్రానికి చిరుచేదు అని రాసిన ఉత్తరం 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఆ ఆకు రాత్రిపూట గాలి పీల్చి పులుపుగా దాచుకుంటుందని, పగటి వెలుగులో దాన్ని వాడుకుంటుందని శాస్త్రం తేల్చింది ఆ తర్వాతే.

శ్రీహరికోట దీవిని 1835లో ప్రభుత్వం తీసుకున్నాక, అక్కడి యానాదులు తేనె, మూలికలు, చిరివేరు ఏరి తెచ్చి సర్కారుకు ఇచ్చేవారు. తర్వాత అక్కడికే రాకెట్ కేంద్రం వచ్చింది. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. యానాది కుటుంబాలు దీవి వదిలాయి. రాకెట్‌ చూసి నేనూ పొంగిపోయాను. అయితే ఏ ఆకు ఏ రుచో ఎరిగినవాళ్లను అడవికి దూరం చేయడం నాకు ఇప్పటికీ బాధే.

అన్ని ఆకులూ నోట్లో పెట్టేవి కావు. ఉప్పుటేళ్ల పక్క మడల్లో తిల్ల చెట్టుంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. "సామీ, కొరకబాక. ముందు తుంచి చూడు, పాలొస్తాయేమో," అనేవాడు నాకు అడవి చూపించిన తాత. తుంచడం, వాసన, ఆ తర్వాతే నాలుక: ఈ వరస ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాలేజీల్లో మనం అట్టకు అంటించే ఎండుటాకు పులుపూ చెప్పదు, జిగురూ చెప్పదు. యానాది పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల పేరు రాసి, ప్రతి అట్ట మీదా రుచికీ వాసనకూ ఒక గడి నింపించాలి. వాళ్లుండగానే ఆ పని జరగాలి.