పారిపోయిన ఊరే ఊడ్చుకుంది

1994 సెప్టెంబరు ఆఖరి వారంలో సూరత్ నగరం రైలెక్కింది. ఊపిరితిత్తుల ప్లేగు వచ్చిందన్న వార్త పొక్కిన రెండు మూడు రోజుల్లోనే లక్షల మంది బస్సుల పైకప్పులెక్కి, రైలు తలుపులకు వేలాడుతూ ఊరు విడిచారు. వారిలో బీహారు, ఒడిశా, మహారాష్ట్ర కూలీలున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పొట్ట చేత పట్టుకొని వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన మన పద్మశాలీ మరమగ్గాల కార్మికులున్నారు. జనానికి ధైర్యం చెప్పవలసిన ప్రైవేటు వైద్యుల్లో పలువురు క్లినిక్కులకు తాళాలు వేసి వారికంటే ముందే జారుకున్నారు. టెట్రాసైక్లిన్ గోలీలు దుకాణాల్లో దొరకలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఆ విడత దేశం మొత్తం మీద నమోదైన మరణాలు 54. ఒక్క ప్రాణమైనా చిన్నది కాదు. అయినా పారిపోయినవారి సంఖ్యకూ ఈ సంఖ్యకూ పొంతన లేదు. అత్యధికులు రోగిని కళ్లారా చూసి పరుగెత్తలేదు. పక్కింటివాడు మూట కట్టుకోవడం చూశారు, వీధి చివరి డాక్టరు ఇంటికి వేసిన తాళం చూశారు. ప్రభుత్వ ప్రకటన ఒక మాట చెబుతుంటే ఆ తాళం మరొక మాట చెప్పింది. జనం తాళాన్నే నమ్మారు. నమ్మడం తెలివితక్కువతనమని నేననుకోను. సమాచారం లేనిచోట మనిషికి సాటిమనిషి నడతే సమాచారం.

భయం, వదంతుల మీద తొలినాళ్ల పరిశోధనల్లో ఒకటి మన గడ్డ మీదే జరిగింది. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపం తర్వాత జమునా ప్రసాద్ వదంతులను సేకరించారు. కుదుపు తెలిసినా నష్టం జరగని ప్రాంతాల్లో ఇంకా పెద్ద ఉపద్రవం రానుందన్న పుకార్లు ప్రబలాయి. అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ దాని మీద ఆలోచించి, జనం ముందే భయపడి ఉన్నారనీ, ఆ భయానికి తగిన కారణాన్ని పుకారు సమకూర్చిందనీ వ్యాఖ్యానించాడు. 1957లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ సిద్ధాంతానికి బీజాల్లో ఇదొకటి. మన పాఠ్యపుస్తకాల్లో ఫెస్టింగర్ పేరుంటుంది, జమునా ప్రసాద్ పేరు అరుదు.

సూరత్ కథలో అసలు విశేషం ఆ మరుసటి ఏడాది మొదలైంది. 1995 మే నెలలో నగరపాలక కమిషనరుగా వచ్చిన అధికారి సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పై అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపారు. చెత్త వేసినవారికి జరిమానాలు విధించారు, రాత్రిపూట రోడ్లు ఊడిపించారు. అక్రమ కట్టడాల కూల్చివేతను పలుకుబడి గలవారి నుంచే మొదలుపెట్టడం అన్నిటికంటే ముఖ్యం. పెద్దవాడి గోడ పడటాన్ని నగరం చూసింది. చట్టం తనకొక్కడికే కాదని చిన్న దుకాణదారుడికి అప్పుడు అర్థమైంది. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొంది. రావుకు 1998లో పద్మశ్రీ వచ్చింది.

ఏడాదిన్నరలో జనం మారారా? అదే జనం, అవే మగ్గాలు, అవే ఇరుకు సందులు. వారి కళ్ల ముందున్న దృశ్యం మారింది. ఇప్పటికే చెత్త పడి ఉన్నచోట మనుషులు మరింత చెత్త వేస్తారనీ, శుభ్రంగా ఉన్నచోట చేయి వెనక్కి తీసుకుంటారనీ 1990లో రాబర్ట్ చాల్డీనీ బృందం ప్రయోగాలతో చూపింది. ఆ పత్రం చదవకుండానే సూరత్ దాన్ని వీధుల్లో రుజువు చేసింది.

ఢిల్లీలో ఇన్నేళ్లుగా నేను విసుగెత్తేంతగా విన్న మాటొకటుంది: ‘మన ప్రజలకు పౌరస్పృహ లేదు.’ పార్టీ భేదం లేకుండా నాయకులంతా అంటారు. చెత్త ఎత్తించలేని పాలకుడికి ఇంతకు మించిన సాకు దొరకదు. ప్రజల స్వభావమని ముద్ర వేస్తే బడ్జెట్టు అడగనక్కరలేదు, బలవంతుడి గోడ జోలికి వెళ్లనక్కరలేదు. రావు పద్ధతిలో దర్పం ఉంది, బుల్‌డోజరు బరువు పేదల గుడిసెల మీదా పడిందన్న విమర్శనూ తోసిపుచ్చలేం. అయినా ఆయన జనాన్ని నిందించి ఊరుకోలేదు.

ఆయన బదిలీ అయ్యాక నగరం పాత దారి పడుతుందని చాలామంది అనుకున్నారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నీరు తపతి మీదుగా వచ్చి సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. నీరు తీయగానే పారిశుద్ధ్య సిబ్బంది బురద మీదికి దిగారు.