‘వాసన పడదు’: బడిలో పరిమళ నిషేధానికి ఆధారాలెంత?

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు ‘పడదు’ అన్న మాట ఒక్కటే చాలా బరువు మోస్తుంది. వంకాయ పడదు, చలిగాలి పడదు, అత్తకూ కోడలికీ పడదు, సెంటు వాసన పడదు. మొదటిది ఒంటి దురద కావచ్చు, రెండోది ఆయాసం కావచ్చు, మూడోది మనసుకు సంబంధించినది. నాలుగోది వీటిలో ఏ కోవకు చెందుతుందో మాటను బట్టి తేల్చడం సాధ్యం కాదు. సెంట్లు, సువాసన స్ప్రేలు తరగతి గదిలోకి రాకూడదన్న నియమం విదేశాల్లో కొన్ని విద్యాసంస్థల్లో సుమారు మూడు దశాబ్దాలుగా ఉంది. అటువంటి నియమం అనంతపురం జిల్లా బడులకు అవసరమా, అవసరమైతే దేనిమీద పెట్టాలి అన్నది ఇక్కడి ప్రశ్న. తీర్పుకు ముందు మూలాలు చూడవలసి ఉంది.

1. పరిమళ నిషేధం పాశ్చాత్య దేశాల్లోనే పుట్టిందన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. బ్రహ్మచారి, అంటే విద్యార్థి, సుగంధాలకు దూరంగా ఉండాలని ఆపస్తంబ ధర్మసూత్రం విధిస్తుంది. మనుస్మృతి రెండో అధ్యాయం గంధాన్నీ పూలమాలలనూ కలిపి వద్దంటుంది. బౌద్ధ శ్రామణేరుల పది శీలాల్లోనూ మాలలు, గంధాలు, లేపనాలు నిషిద్ధమే. ఆపస్తంబుడి శాఖ ఆంధ్రదేశానికి చెందినదని ఆ సూత్రాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన బ్యూలర్ 1879లో తన పీఠికలో వాదించాడు. తర్వాతి పండితులందరూ దాన్ని అంగీకరించలేదు. సూత్రకాలం విషయంలోనూ క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి 3వ శతాబ్దం వరకు అభిప్రాయభేదం ఉంది. కాబట్టి ‘ఆంధ్రుల తొలి పరిమళ నిషేధం ఇది’ అనడానికి ఆధారం చాలదు. తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో అధికులు ఆపస్తంబ సూత్రీకులన్నంత వరకే నిలుస్తుంది.

ఆ నిషేధం ఎప్పుడు తొలగేదో కూడా గమనించదగినది. చదువు ముగిసిన రోజున స్నానం చేయించి, గంధం పూసి, మాల వేసి, చెప్పులూ గొడుగూ ఇచ్చేవారు. అదే సమావర్తనం, స్నాతకం. నేటి పెళ్లిళ్లలో స్నాతకంగా, విశ్వవిద్యాలయాల్లో స్నాతకోత్సవంగా ఆ మాట మిగిలింది. పట్టా పుచ్చుకునే రోజు, ఒక అర్థంలో, మళ్లీ సెంటు పూసుకోవచ్చునన్న అనుమతి దొరికిన రోజు.

పూర్వులకు ఎలర్జీల సంగతి తెలుసు, అందుకే గురుకులాల్లో సుగంధం నిషేధించారు అని వాదించేవారు ఉండవచ్చు. మూలం ఆ వాదాన్ని బలపరచదు. మనుస్మృతి జాబితాలో గంధంతో పాటు తేనె, మాంసం, కాటుక, చెప్పులు, గొడుగు, ఆటపాటలు కూడా ఉన్నాయి. గొడుగు వల్ల ఎవరికీ ఆయాసం రాదు. పైగా విద్యార్థి ఉదయం సాయంత్రం సమిధలు తెచ్చి అగ్నిలో వేయాలి. ఊపిరితిత్తుల కోసమే నియమం పెట్టి ఉంటే ముందు తీసివేయవలసింది ఆ పొగను. కనుక ఆ నిషేధం ఇంద్రియ నిగ్రహానికి సంబంధించినదనే నిర్ణయించవలసి వస్తోంది. ఉరవకొండకు దగ్గరలో, గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి అశోక శాసనం విద్యార్థి నడవడి గురించి ఈ ప్రాంతంలో దొరికే అతి పాత రాతల్లో ఒకటి. అది గురువును సేవించమంటుంది. పరిమళం ప్రసక్తి తేదు.

2. ఆధునిక నియమానికి మూలం బడి కాదు, ఆసుపత్రి. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో క్యాంప్ హిల్ ఆసుపత్రి సిబ్బంది వందల సంఖ్యలో 1980ల చివర, 1990ల మొదట అనారోగ్యం పాలయ్యారు. గాలి సరిగా ఆడకపోవడం, భవనంలో వాడిన రసాయనాలు కారణాలుగా చెప్పబడ్డాయి. ఆ తర్వాత అదే నగరంలో ఆసుపత్రులు, డల్హౌసీ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు సువాసనలు వాడవద్దని కోరే నియమాలు తెచ్చాయి. 2000లో హాలిఫాక్స్ ఉన్న ప్రావిన్సులోనే, షీట్ హార్బర్‌లోని ఒక హైస్కూల్లో 17 ఏళ్ల విద్యార్థి పూసుకున్న జుట్టు జెల్, డియోడరెంట్ తనకు పడలేదని ఉపాధ్యాయురాలు పోలీసులకు ఫిర్యాదు చేసే వరకు వెళ్లింది. విచారణ జరిగింది, కేసు పెట్టలేదు. 2009లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తన కార్యాలయాల్లో సువాసన వస్తువులను పరిమితం చేసింది. 2010లో డెట్రాయిట్ నగరపాలన, తోటి ఉద్యోగి సెంటు వల్ల పని చేయలేకపోయానన్న ఉద్యోగినికి లక్ష డాలర్లు ఇచ్చి రాజీపడింది.

ఈ క్రమంలో ఒక జారుడు కనిపిస్తుంది. మొదట ఆరోపణ గాలి ఆడని భవనం మీద. చివరకు నియమం పక్కవాడి మెడకు పూసిన సెంటు మీద. భవనాన్ని మార్చడం ఖర్చుతో కూడిన పని. నోటీసు అంటించడానికి కాగితం చాలు.

3. ఎంతమందికి వాసన పడదు అన్నదానికి దొరికే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. అమెరికాలో 1,100కు పైగా పెద్దలను అడిగి పరిశోధకురాలు ఆన్ స్టైన్‌మన్ 2016లో ప్రచురించిన సర్వేలో, సువాసన వస్తువుల వల్ల ఏదో ఒక ఇబ్బంది కలిగిందన్నవారు 34.7 శాతం. ఐరోపాలో ఐదు దేశాల్లో సుమారు 3,100 మంది చర్మంపై ప్యాచ్ టెస్టు చేసి చూసిన అధ్యయనంలో, సువాసన రసాయనాల వల్ల స్పర్శ ఎలర్జీ ఉన్నవారి జాగ్రత్త అంచనా 1.9 శాతం. ఒకటి మూడోవంతు జనం, రెండోది నూటికి ఇద్దరు.

రెండూ తప్పు కానక్కరలేదు. సర్వే అడిగింది తలనొప్పి, దగ్గు, ఆయాసం, దద్దురు అన్నీ కలిపి. అంటే మన ‘పడదు’ను. ప్యాచ్ టెస్టు పట్టేది చర్మంపై ఆలస్యంగా వచ్చే ఒక్క రకం ఎలర్జీని మాత్రమే. ఆ పరీక్షలో వాడే సువాసన మిశ్రమంలో ఎనిమిది పదార్థాలుంటాయి. వాటిలో సిన్నమాల్ దాల్చినచెక్కలో, యూజినాల్ లవంగంలో ఉన్నవే. పోపులపెట్టెలో ఉన్న సరుకు సెంటు సీసాలోనూ ఉందన్నమాట. ఐరోపా సమాఖ్య 2003లో 26 సువాసన పదార్థాల పేర్లు లేబుల్‌పై రాయాలన్నది. 2023లో ఆ జాబితాను సుమారు 80కి పెంచింది.

మూడో కోవ మరింత వివాదాస్పదమైనది. రకరకాల రసాయనాల వాసనకే తల తిరగడం, నీరసం రావడం వంటి స్థితికి 1987లో వైద్యుడు మార్క్ కల్లెన్ ‘బహుళ రసాయన సున్నితత్వం’ అన్న అర్థం వచ్చే పేరు స్థిరపరిచాడు. ఇటువంటివారిపై జరిగిన 37 ప్రయోగాలను సమీక్షించిన 2006 వ్యాసం, అసలు రసాయనం ఏదో, ఉత్త గాలి ఏదో గుర్తుపట్టగలిగిన సందర్భాల్లోనే ప్రతిచర్య వస్తున్నదని సూచించింది. దీన్నిబట్టి వారి బాధ అబద్ధమని తేల్చడం తొందరపాటు. బాధ నిజం కావచ్చు, దాని దారి రసాయనం ద్వారా కాకపోవచ్చు.

4. ఇక్కడ తెలుగు మాటలే ఒక ఆధారాన్ని అందిస్తున్నాయి. ‘పడదు’ కలిపేసిన దాన్ని ‘వాసన’, ‘ఘాటు’ విడదీస్తాయి. మల్లెది వాసన, మిరపపోపుది ఘాటు. శరీరశాస్త్రంలోనూ ఇవి వేరు. వాసనను మోసేది ఘ్రాణనాడి. ఘాటును, మంటను, కళ్ల నీళ్లను మోసేది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం. ఘాటు నషాళానికి అంటిందని అనేటప్పుడు చెప్పేది ఈ రెండో దారి గురించే. మిరపలోని క్యాప్సైసిన్ ఏ గ్రాహకానికి తగులుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021 నోబెల్ బహుమతికి ఆ కృషి ఒక కారణం. స్వీడన్‌లో పరిశోధకురాలు ఎవా మిల్‌క్విస్ట్, సెంట్లు పడవన్న రోగులచేత క్యాప్సైసిన్ ఆవిరి పీల్పించి, వారు ఇతరులకంటే ఎక్కువగా దగ్గుతున్నారని చూపింది. అంటే వారిలో కొందరికి తేడా వాసన పట్టడంలో కాక ఘాటును పట్టే నరాల్లో ఉండవచ్చు.

ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగళ్లలో మిర్చి పండి బ్యాడగి మార్కెట్‌కు పోతుంది. కళ్లంలో కాయ ఆరే రోజుల్లో గాలిలోనే ఘాటు. మధ్యాహ్న భోజనానికి పోపు పడితే పక్క గది మొత్తం దగ్గుతుంది. దీన్ని ఎవరూ ‘పడకపోవడం’ అనరు, అందరికీ వస్తుంది కనుక.

పొగ సంగతి ఇంకా స్పష్టం. గ్రాము ఊదుబత్తి కాలితే 45 మిల్లీగ్రాములకు పైగా, గ్రాము సిగరెట్టు కాలితే సుమారు 10 మిల్లీగ్రాముల రేణువులు వస్తాయని 2008 నాటి ఒక సమీక్ష చెబుతోంది. ఈ పోలిక బరువుకు బరువు చేసినదే. పీల్చే మోతాదు గది, దూరం, కిటికీలను బట్టి మారుతుంది. చైనా, మలేసియా దోమల కాయిళ్లపై 2003లో వచ్చిన అధ్యయనం, ఒక కాయిల్ కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని లెక్కించింది. హాస్టళ్లలో తలుపులు మూసి కాయిల్ వెలిగించే అలవాటు దృష్ట్యా ఈ అంకె సెంటు కంటే ముందు చూడవలసినది.

5. ‘పూల వాసన పడదు’ అన్నప్పుడు నిందితుడు పువ్వు కాకపోవచ్చు. వర్షం పడ్డాక బడి ప్రహరీ పొడవునా మొలిచే వయ్యారిభామ పుప్పొడి తుమ్ములకూ, దానిలోని పార్థెనిన్ అనే రసాయనం దద్దుర్లకూ కారణమని నిర్ధారితం. 1991లో ప్రచురితమైన ఒక బెంగళూరు సర్వే ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 7 శాతం మందికి దీనివల్ల ముక్కు ఎలర్జీ ఉంది. అమెరికా గోధుమలతో వచ్చిందని, అందుకే ‘కాంగ్రెస్ గడ్డి’ అయిందని జనశ్రుతి. తేదీలు దీనికి పూర్తిగా ఒదగవు. ఆ గోధుమల దిగుమతికి వీలిచ్చిన పీఎల్-480 ఒప్పందం 1956 ఆగస్టులో కుదిరింది. పుణెలో ఈ మొక్కను 1955లోనే చూశారని నమోదైంది. 1951 గోధుమ రుణం నాటి ఓడల్లో వచ్చి ఉండవచ్చు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1814 నాటి కలకత్తా తోట జాబితాలో ఈ పేరు ఉండటం మరో చిక్కు. రాజకీయంగా ఎవరి ఖాతాలో వేసినా, చామంతి, బంతి దీని కుటుంబంలోవే. వయ్యారిభామ పడనివారిలో కొందరికి చామంతి కూడా దురద పెట్టవచ్చు. మల్లె ఆ కుటుంబం కాదు. దాని బరువైన పుప్పొడి గాలిలో దూరం పోవడం తక్కువ. కనకాంబరానికి వాసనే లేదు.

ఈ చివరి సంగతి చిన్నదే కాని నియమం రాసేవారికి ముఖ్యం. కొన్ని ప్రైవేటు బడులు అమ్మాయిలను పూలు పెట్టుకోవద్దంటాయి. కనకాంబరాన్నీ కలిపి వద్దంటున్నారంటే ఆ నియమం ముక్కు కోసం కాదు, క్రమశిక్షణ కోసం. తిరుమలలో పూలన్నీ స్వామివే కనుక భక్తులు ధరించకపోవడం ఇంకో కోవ. ఒకరి శ్వాస కోసమని చెప్పి మరొకరి ఆచారాన్ని సరిదిద్దే ప్రమాదం ఇక్కడ ఉంది. బొట్టు, రాఖీ, గోరింటాకు పెట్టుకున్నందుకు పిల్లలను శిక్షించవద్దని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023 ఆగస్టులో రాష్ట్రాలకు రాసిన లేఖను ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. మరోపక్క, 2016 వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో ఉబ్బసం గాని, ఎలర్జీ గాని లేవు. ఉబ్బసమున్న పిల్ల తన బెంచీ మార్చమని అడిగితే ప్రధానోపాధ్యాయుడి దయే ఆధారం.

అందిన ఆధారాలను బట్టి, మార్పుకు లోబడి, ఈ మేరకు చెప్పవచ్చు. మూసిన గదిలో ఊదుబత్తి, కాయిల్, స్ప్రే, ఘాటైన ఫినాయిల్ ఆపడానికి ఆధారం బలంగా ఉంది. ప్రహరీ వెంట వయ్యారిభామను, చేతికి తొడుగులు వేసుకున్న పెద్దలచేత, పూతకు ముందే పీకించడానికి ఇంకా బలంగా ఉంది. ఆ పనికి పిల్లలను దించకూడదు. ఒంటికి పూసుకునే సెంటు విషయంలో, బాధపడే పిల్లవాడు ఉన్న గదికి పరిమితమైన వినతి సరిపోతుంది. జడలోని మల్లెపూల మీద సాధారణ నిషేధానికి ఆధారం చాలదు.

ఉరవకొండ మండలంలోని ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. నోటీసు బోర్డుకు ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ పిల్లవాడైనా ‘సార్, వాసన పడలేదు’ అన్నప్పుడు తేదీ, గంట, గది, కిటికీలు తెరిచి ఉన్నాయా, ఆ పూట ఏం వెలిగించారు, ఏం చల్లారు, వచ్చింది తుమ్మా, దద్దురా, ఆయాసమా అన్నది రాయించండి. ఆయాసమైతే రాయడం తర్వాత, ముందు ఆసుపత్రి. ఒక వానాకాలం, ఒక మిర్చి కోత కాలం గడిచేదాకా ఆ పుస్తకం నడపండి.