పడవ వేగం ఎంత? నీటిని అడిగితే ఒకటి, ఒడ్డును అడిగితే ఒకటి

గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరి పాపికొండలకు వెళ్తున్న ‘రాయల్ వశిష్ట’ పర్యాటక బోటు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. ఆ రోజు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉన్నట్టు వార్తలు వచ్చాయి. వరద వచ్చినప్పుడల్లా వినిపించే ఈ క్యూసెక్కుల లెక్క సెకనుకు ఎంత నీరు పోతుందో చెబుతుంది. ఆ నీరు ఎంత వేగంగా పోతుందో చెప్పదు. బోటు నడిపే సరంగుకు ముందు తెలియాల్సింది మాత్రం వేగమే.

5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 14,160 ఘనపు మీటర్లు. వెడల్పును సగటు లోతుతో గుణిస్తే వచ్చే అడ్డుకోత వైశాల్యం ఒకచోట 10,000 చదరపు మీటర్లు ఉందనుకుందాం. అక్కడ నీటి సగటు వేగం గంటకు 5 కిలోమీటర్లు. అదే నీరు 5,000 చదరపు మీటర్ల ఇరుకులోంచి పోవాల్సి వస్తే వేగం గంటకు 10 కిలోమీటర్లు దాటుతుంది. రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి కొంత సర్దుబాటు జరుగుతుంది, కానీ పూర్తిగా కాదు. పైగా ఇవి సగటు లెక్కలు. నది నడిమధ్యలో వేగం ఇంకా ఎక్కువ.

ఇక పడవ సంగతి. ఇంజిన్ పడవను నెట్టేది నీటి మీద. ఆ నీరే కదులుతుంటే, ఒడ్డున నిలబడినవారికి కనిపించే వేగం వేరుగా ఉంటుంది. దిగువకు వెళ్లేటప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి, ఎగువకు వెళ్లేటప్పుడు ఒకదానిలోంచి ఒకటి పోతుంది. భౌతికశాస్త్రంలో సాపేక్ష వేగం అనేది దీన్నే. సెల్‌ఫోన్‌లోని జీపీఎస్ చూపించేది నేలతో పోల్చిన వేగం, ఇంజిన్ సామర్థ్యం కాదు.

నిలకడ నీటిలో గంటకు 15 కిలోమీటర్లు పోగల బోటు 30 కిలోమీటర్ల దూరం వెళ్లి తిరిగి రావాలి. నీరు కదలకపోతే 4 గంటలు చాలు. ప్రవాహం గంటకు 5 కిలోమీటర్లయితే ఎగువకు 3 గంటలు, దిగువకు గంటన్నర, మొత్తం 4 గంటల 30 నిమిషాలు. ప్రవాహం 10 కిలోమీటర్లకు పెరిగితే ఎగువకే 6 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం 1 గంట 12 నిమిషాల్లో ముగిసినా మొత్తం 7 గంటలు దాటుతుంది. వెళ్లేటప్పుడు పోగొట్టుకున్న సమయం వచ్చేటప్పుడు తిరిగి వస్తుందనుకోవడం పోటీ పరీక్షల్లో అభ్యర్థులు తరచూ చేసే పొరపాటు. నదికి ఎదురెళ్లే సమయమే ఎక్కువ కాబట్టి నష్టమూ అటువైపే ఎక్కువ. ప్రవాహం 15 కిలోమీటర్లకు చేరితే ఇంజిన్ ఎంత మోగినా బోటు ఉన్నచోటే ఉంటుంది, డీజిల్ మాత్రం ఖర్చవుతుంది. ఎగువకు వెళ్లే పడవలు నడిమధ్య కాకుండా, నీటి ఉరవడి తక్కువగా ఉండే ఒడ్డు వారగా నడిచేది ఇందుకే.

నది దాటడం ఇంకో లెక్క. వెడల్పు కిలోమీటరు, ప్రవాహం గంటకు 9 కిలోమీటర్లు అనుకుంటే, అదే బోటు ముక్కును సూటిగా అవతలి ఒడ్డుకు పెడితే 4 నిమిషాల్లో దాటుతుంది, కానీ 600 మీటర్లు దిగువన తేలుతుంది. ఎదుటి రేవులోనే దిగాలంటే ముక్కును సుమారు 37 డిగ్రీలు ఎగువకు తిప్పి నడపాలి. అప్పుడు ఒడ్డు వైపు మిగిలే వేగం 12 కిలోమీటర్లే, పట్టే సమయం 5 నిమిషాలు.

ఈ లెక్కల్లో కనిపించనిది చుక్కాని. దాన్ని దాటుకుంటూ నీరు పోతేనే అది పడవను తిప్పగలదు. వరదలో దిగువకు వస్తూ ఇంజిన్ ఆపేసిన పడవ నీటితో సమానంగా కొట్టుకుపోతుంది. నీటితో పోలిస్తే దాని వేగం దాదాపు సున్నా, చుక్కాని ఎటు తిప్పినా ఫలితం ఉండదు. వంతెన స్తంభం మాత్రం ప్రవాహ వేగంతో ఎదురొస్తుంటుంది. దిగువకు వచ్చే పడవకు వేగం ఎక్కువ, ఆగడానికి కావలసిన దూరమూ ఎక్కువ.

అనుభవమున్న సరంగు దిగువకు వస్తూ నేరుగా రేవులోకి దూసుకెళ్లడు. కాస్త దాటి వెళ్లి, పడవను వెనక్కి తిప్పి, ముక్కును ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఇంజిన్ వేగాన్ని నీటి వేగానికి సరిపెడతాడు. ఒడ్డు నుంచి చూస్తే పడవ దాదాపు కదలదు. చుక్కాని పక్క నుంచి మాత్రం నీరు జోరుగా పోతూనే ఉంటుంది. అలా పడవ పట్టు తప్పకుండా, మెల్లగా పక్కకు జరిగి రేవుకు ఆనుకుంటుంది.