కింది దవడ నరాలు, శస్త్రచికిత్సలో వాటి ప్రాధాన్యం: కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యం

కింది దవడకు స్పర్శను, నమిలే శక్తిని ఇచ్చేది మాండిబ్యులర్ నరం. కపాల నరాలలో ఐదవదైన ట్రైజెమినల్ నరానికి ఇది మూడవ శాఖ. మూడు శాఖల్లోనూ ఇదే పెద్దది. స్పర్శ తంతువులతో పాటు కండరాలను కదిలించే తంతువులు కూడా ఉన్నది దీనికొక్కదానికే. కపాలం అడుగున ఉన్న ఫొరామెన్ ఒవేల్ అనే కోలరంధ్రం గుండా కిందికి దిగి, కొద్ది దూరంలోనే రెండు పాయలవుతుంది. ముందరి పాయ ఎక్కువగా నమిలే కండరాలకు పోతుంది. అందులో స్పర్శకు సంబంధించినది బుగ్గ లోపలి పొరకు చేరే బక్కల్ నరం ఒక్కటే. వెనక పాయ నుంచి కణతకు ఆరిక్యులోటెంపొరల్, నాలుకకు లింగ్వల్, పళ్లకు, కింది పెదవికి ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరాలు పుడతాయి.

శస్త్రవైద్యుడు ముఖ్యంగా కాపాడుకోవలసినవి మూడు నరాలు.

మొదటిది ఇన్ఫీరియర్ ఆల్వియోలార్. ఇది దవడ లోపలి వైపున్న రంధ్రంలో దూరి, రక్తనాళాలతో కలిసి ఎముకలోని కాలువ వెంట దంతమూలాల కిందుగా సాగుతుంది. చిన్న దవడపళ్ల వేళ్ల దగ్గర మెంటల్ రంధ్రం గుండా ఒక కొమ్మ బయటికి వచ్చి పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. ఇంకో కొమ్మ ఎముకలోనే ముందుకు పోయి ముందరి పళ్లకు చేరుతుంది.

రెండవది లింగ్వల్. దీనికి ఎముక కవచం లేదు. జ్ఞానదంతం దగ్గర నాలుక వైపు చిగురు పొర కిందే పోతుంది, కొందరిలో ఎముక అంచు ఎత్తులోనే ఉంటుంది. నాలుక ముందు భాగపు రుచిని మోసే కార్డా టింపని తంతువులు కూడా దీనిలోనే కలిసి ఉంటాయి.

మూడవది ఏడవ కపాల నరమైన ఫేషియల్ నరపు అంచు కొమ్మ. ఇది స్పర్శ నరం కాదు, కింది పెదవిని కిందికి లాగే కండరాలను నడుపుతుంది. తెగితే నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకు వంకర పోతుంది. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ 100 ముఖార్ధాలను పరిశీలించారు. ఫేషియల్ ధమని వెనక భాగంలో ఈ కొమ్మ 81 శాతంలో దవడ అంచుకు పైన, 19 శాతంలో అంచుకు కిందుగా సుమారు 1 సెం.మీ. వరకు కనిపించింది. అందుకే దవడ కింద కోత పెట్టేటప్పుడు అంచు నుంచి ఒకటిన్నర, రెండు సెం.మీ. దిగువన పెడతారు.

మత్తు

నరం దారి తెలిస్తేనే మత్తు పనిచేస్తుంది. 1884లో న్యూయార్క్‌లో హాల్‌స్టెడ్ బృందం కొకైన్‌తో ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరాన్ని మొద్దుబార్చింది. 1943లో లోఫ్‌గ్రెన్ తయారు చేసిన లిడోకైన్ నేటికీ వాడుకలో ఉంది. నరం ఎముకలో దూరే చోటికి కొంచెం పైన సూది మందు పడితే సగం దవడ పళ్లు, సగం పెదవి మొద్దుబారతాయి. గుట్కా, వక్క నమిలే అలవాటుతో నోటి పొర బిగుసుకుపోయి, ఒకటి రెండు వేళ్లకు మించి నోరు తెరుచుకోని రోగులకు ఈ పద్ధతి వీలుపడదు. అలాంటప్పుడు వజిరాని 1960లో, అకినోసి 1977లో వివరించిన, నోరు మూసి ఉంచే పద్ధతి ఆదుకుంటుంది.

విరిగిన దవడ

మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు రోడ్ల మీద బైకు జారి గడ్డం నేలకు కొట్టుకున్న మనిషిని కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు తీసుకువస్తే, ఎక్స్‌రేతో పాటు చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. రోగిని కళ్లు మూసుకోమని, దూది పోగును గడ్డం మీద, పెదవి మీద ఆనించి, "ఇప్పుడు తగిలిందా? ఏ పక్క?" అని అడగాలి. సూది మొనకు, మొద్దు కొనకు తేడా తెలుస్తోందో లేదో చూడాలి. తుంగభద్ర ఒడ్డు పల్లెల్లో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. ఒకరు "తిమ్మిరి" అంటారు, ఒకరు "మొద్దుబారింది" అంటారు, కన్నడం మాట్లాడేవారు "జోము" అంటారు. చిమచిమలాడడం వేరు, అసలు తెలియకపోవడం వేరు, మంటపుట్టడం వేరు. ఏది ఎంత మేర ఉందో చికిత్సకు ముందే కాగితం మీద రాయాలి. రాయకపోతే ఆ లోపం దెబ్బతో వచ్చిందో, ఆపరేషన్‌తో వచ్చిందో తర్వాత తేల్చలేరు.

ఎముకను కలిపే ప్లేట్ల స్థానాన్ని నిర్ణయించడంలోనూ నరానికి పాత్ర ఉంది. 1970లలో షాంపీ స్థిరపరచిన పద్ధతిలో మెంటల్ రంధ్రానికి వెనక, కాలువకు పైన ఒక చిన్న ప్లేటు, రంధ్రానికి ముందు రెండు ప్లేట్లు వేస్తారు. స్క్రూ బయటి ఎముక పొరలోనే ఆగిపోతుంది, కనుక లోపలి కాలువకు దెబ్బ తగలదు.

జ్ఞానదంతం, ఇతర చికిత్సలు

జ్ఞానదంతం తీసేటప్పుడు పై రెండు స్పర్శ నరాలకూ ముప్పుంది. ఎక్స్‌రేలో వేరు మీద నల్లని నీడ, కాలువ గీత తెగిపోవడం, కాలువ వంగడం వంటి ఏడు గుర్తులను రూడ్, షెహాబ్ 1990లో పరీక్షించారు. వాటిలో నల్లని నీడ, గీత తెగడం, కాలువ వంగడం ప్రమాదాన్ని ఎక్కువగా సూచిస్తాయి. అనుమానం ఉంటే సీబీసీటీ అనే త్రిమితీయ ఎక్స్‌రే స్కాన్ తీస్తారు. వేరు నరాన్ని ఆనుకుని ఉంటే పంటి పైభాగం మాత్రం తీసి, వేళ్లను అలాగే వదిలే కరొనెక్టమీ ఒక మార్గం. ఊడిన పంటి స్థానంలో ఎముకలో దించే ఇంప్లాంటుకు, కాలువకు మధ్య కనీసం 2 మి.మీ. ఎడం ఉంచుతారు. 1957లో ఒబ్‌వెగేసర్ వివరించిన దవడ చీల్పు శస్త్రచికిత్సలో నరం ఎముక ముక్కల మధ్యనే కనిపిస్తుంది. అందుకే పెదవి మొద్దుబారే అవకాశాన్ని ముందే చెప్పాలి. దెబ్బ, పంటి చికిత్స ఏదీ లేకుండా గడ్డం మొద్దుబారితే దాన్ని క్యాన్సర్ హెచ్చరికగా భావించి పరీక్షించాలి. నోటి క్యాన్సర్ నరాల వెంట కూడా పాకగలదు.

దెబ్బతిన్న నరం

1943లో సెడన్ నరాల గాయాలను మూడు రకాలుగా, 1951లో సండర్‌లాండ్ ఐదు స్థాయిలుగా విభజించారు. నొక్కుడు పడిన నరం వారాల్లో కోలుకుంటుంది. తంతువులు తెగినా తొడుగు నిలిచి ఉంటే రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పెరిగి నెలల తర్వాత స్పర్శ తిరిగి వస్తుంది. నరం పూర్తిగా తెగితే దానంతట అది సరిగా కలవదు. సూక్ష్మదర్శిని కింద కుట్టాలి, అదీ ఆలస్యం చేయకుండా. కాబట్టి రెండు మూడు నెలల వరకు పదేపదే పరీక్షించి నమోదు చేయడం అవసరం.

కోలుకునేదాకా రోగికి చెప్పవలసిన మాటలు చాలా చిన్నవి. వేడి రాగిసంగటి పెదవిని కాల్చినా తెలియదు. జొన్నరొట్టె నమిలేటప్పుడు పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చేదాకా తెలియదు. గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు తగిలినా తెలియదు. కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో, కర్నూలులోని జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాలకో దూరపు పల్లె నుంచి వచ్చిన మనిషికి మళ్లీ రావడం కష్టం. ఈ జాగ్రత్తలు, తిరిగి రావలసిన తేదీ, మొదటి పరీక్షలో కనిపించిన స్పర్శ లోపపు పటం అతని చేతి కాగితంలోనే ఉంటే, తర్వాత చూసే వైద్యుడు ఎవరైనా నరం కోలుకుంటోందో, కుట్టవలసి ఉందో ఆ పటంతో పోల్చి నిర్ణయించగలడు.